మా గేమ్‌లో అమ్మాయి డిజైన్ దగ్గర పంచాయితీ తెగట్లేదు, ఆడేవాళ్లు, చేసేవాళ్లు కాస్త చెప్పండి

మిర్చి పిక్సెల్

నమస్తే అందరికీ. మేం నలుగురం ఫ్రెండ్స్ ఉద్యోగాలు చేసుకుంటూనే రాత్రిళ్లు కూర్చుని ఒక చిన్న స్టెల్త్ గేమ్ (ఎవరికీ కనపడకుండా నక్కుతూ ఆడేది) చేస్తున్నాం, అన్‌రియల్ 5 అనే గేమ్ ఇంజిన్‌లో. కథ గుంటూరు పక్కన. మిరప కోతలకి, యార్డులో పనికి వెళ్లే అమ్మాయి ఒక రాత్రి కోల్డ్ స్టోరేజీలో ఇరుక్కుపోతుంది, లోపల సరుకు మార్చేస్తున్న ముఠాని చూస్తుంది, ఫోన్‌లో ఫొటో తీస్తుంది, ఇక తెల్లారేలోగా ఆ ఫొటోతో బయటపడాలి. టిక్కీల (మిరపకాయల బస్తాల) వరసల మధ్య నక్కుతూ వెళ్లాలి, ఘాటు ఎక్కువ ఉన్న చోట ఊపిరి బిగబట్టకపోతే తుమ్ము వస్తుంది, తుమ్మితే కాపలావాడు ఇటు తిరుగుతాడు. ఈ తుమ్ము ఐడియా విన్నవాళ్లందరికీ నచ్చింది, దాని మీద గొడవ లేదు.

గొడవంతా అమ్మాయి ఎలా ఉండాలన్న దగ్గరే. మా ఆర్టిస్టు మొదట వేసిన బొమ్మలో చీర మీద మగవాళ్ల ఫుల్ హ్యాండ్స్ చొక్కా, తలకి తువ్వాలు, కొంగు నడుముకి దోపి ఉంటుంది. కోతల టైంలో మా వైపు పొలాల్లో ఎవర్ని చూసినా అలాగే ఉంటారు కదా, వాడు అదే గీశాడు. పబ్లిసిటీ చూసుకునే ఫ్రెండ్ మాత్రం గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ స్టోర్‌లో ఈ బొమ్మ పెడితే ఒక్కడూ క్లిక్ చెయ్యడు అంటాడు. వాడే ఇంకో బొమ్మ వేయించుకొచ్చాడు, అందులో లంగా ఓణీ, సన్న నడుము, జడ గాల్లో ఎగురుతూ, పెదాలకి లిప్‌స్టిక్. కోల్డ్ స్టోరేజీలో గాలెక్కడిదిరా అంటే నవ్వుతాడు. మా ప్రోగ్రామర్‌ది మూడో వాదన, అసలు అమ్మాయే ఎందుకు, అబ్బాయిని పెడితే యానిమేషన్లన్నీ రెడీగా దొరుకుతాయి, అమ్మాయంటే పని డబుల్, పైగా అమ్ముడుపోదు అని.

నేను అడిగేది రెండు. ఈ డబుల్ పని, అమ్ముడుపోదు అనే మాటల్లో నిజం ఎంత? ఇంకోటి, బట్టల గొడవ కాసేపు పక్కనపెట్టి చెప్పండి, ఒక గేమ్ ఆడుతున్నప్పుడు ఇందులో ఆడ క్యారెక్టర్‌ని బాగా చేశారనో, ఇది ఉత్త షోకేస్ బొమ్మనో మీకు ఎక్కడ తెలుస్తుంది?

ఎముకలగూడు

యానిమేషన్ సంగతి నేను చెప్తా, నాకు జీతం వచ్చేది దానికే కాబట్టి.

ఈ "డబుల్ పని" మాట పాతదే. 2014లో అసాసిన్స్ క్రీడ్ యూనిటీ వచ్చేముందు, నలుగురు కలిసి ఆడే మోడ్‌లో నలుగురూ మగాళ్లే ఎందుకున్నారని అడిగితే ఆ గేమ్ చేసిన యూబీసాఫ్ట్ వాళ్లు ఇదే చెప్పారు. ఆడ క్యారెక్టర్ పెడితే యానిమేషన్లు, గొంతులు, బట్టలు అన్నీ రెట్టింపు అవుతాయని. అదే సిరీస్‌లో అసాసిన్స్ క్రీడ్ 3కి యానిమేషన్ డైరెక్టర్‌గా చేసిన జోనథన్ కూపర్ ట్విట్టర్‌లోకి వచ్చి ఇది ఒకటి రెండు రోజుల పని అని తేల్చేశాడు. నా లెక్కలో ఒకటి రెండు రోజులంటే మరీ తక్కువ చెప్పినట్టు, కానీ డబుల్ మాత్రం కానే కాదు. అన్‌రియల్ 5తో పాటే మీకు వచ్చే మగ బొమ్మ మ్యానీ, ఆడ బొమ్మ క్విన్ ఇద్దరిదీ ఒకే అస్థిపంజరం. నడక, పరుగు, వంగి నడవడం, నిచ్చెన ఎక్కడం అన్నీ ఒకదాని నుంచి ఇంకోదానికి ఎక్కించుకోవచ్చు. తర్వాత మిగిలే పని ఏంటంటే భుజాల వెడల్పు తేడా వల్ల చేతులు ఒంట్లోకి దూరిపోవడం, ఏదైనా పట్టుకున్నప్పుడు వేళ్లు తప్పుచోట పడటం, ఇలాంటివి సర్దుకోవాలి. మీ ప్రోగ్రామర్‌కి చెప్పండి, అబ్బాయిని పెట్టినా ఆ సర్దుడు తప్పదు, ఎందుకంటే రెడీమేడ్‌గా దొరికే యానిమేషన్లలో మిరప టిక్కీ వెనక నక్కి తుమ్ము ఆపుకోవడం ఏ జెండర్‌కీ దొరకదు.

అసలు తలనొప్పి బట్టతో వస్తుంది, ఇక్కడ మీ ఆర్టిస్టు తెలిసి చేశాడో తెలియక చేశాడో గానీ మీకు బోలెడు పని మిగిల్చాడు. ఓణీ ఎగరాలంటే క్లాత్ సిమ్యులేషన్ నడపాలి, అంటే బట్ట ఎలా కదలాలో ప్రతి క్షణం లెక్కగట్టించాలి. అది కూర్చున్నప్పుడు తొడలోకి, నక్కినప్పుడు గోడలోకి దూరుతుంది, మామూలు ఫోన్‌లో ఫ్రేమ్ రేట్ కూడా పడిపోయి గేమ్ తడబడుతుంది. చీర కుచ్చిళ్లయితే ఇంకా ఘోరం, ప్రతి అడుగుకీ కాళ్లు బయటికొస్తాయి. చొక్కా వేసి కొంగు దోపేస్తే పైన ఊగేదే ఉండదు, మామూలు షర్ట్ మెష్‌లా (3డీ ఆకారంలా) అయిపోతుంది. కింద గోచీ పోసి కట్టినట్టు చేస్తే రెండు కాళ్లూ విడిగా కదులుతాయి, ప్యాంట్‌కి రాసిన వెయిట్లతోనే (ఏ ఎముక కదిలితే బట్ట ఎంత కదలాలో చెప్పే లెక్కలు) దాదాపు గడిచిపోతుంది. వంగి, లేచి, బరువులు మోసే ఆడవాళ్లు అలా కట్టుకునేది కూడా ఆ సుఖం కోసమే.

ఒకే యానిమేషన్ వాడితే వచ్చే నవ్వులాట కూడా చెప్పాలి. మాస్ ఎఫెక్ట్ అనే స్పేస్ గేమ్‌లో హీరో షెపర్డ్‌ని మగగా గానీ ఆడగా గానీ ఎంచుకోవచ్చు. ఆడ షెపర్డ్‌కి స్కర్ట్ వేసి సోఫాలో కూర్చోబెడితే కాళ్లు రెండూ బార్లా చాపి కూర్చుంటుంది, మగ షెపర్డ్ యానిమేషన్ అది. ఇప్పటికీ మీమ్స్ వస్తుంటాయి. కానీ దాని వల్లే ఒక లాభం కూడా జరిగింది. డైలాగులూ దాదాపు ఒకటే కావడంతో ఆవిడ కెప్టెన్ మాట్లాడినట్టే మాట్లాడుతుంది, ఆడమనిషి కాబట్టి అని విడిగా రాసిన మెత్తదనం ఎక్కడా తగలదు, పైన జెనిఫర్ హేల్ గొంతు. చాలామందికి అసలు షెపర్డ్ అంటే ఆవిడే. 2011లో ఆ గేమ్ చేసిన బయోవేర్ చెప్పిన లెక్కలో ఆడ షెపర్డ్‌తో ఆడినవాళ్లు 18 శాతం, 2021లో రీమాస్టర్ (పాత గేమ్‌కే మెరుగులు దిద్దిన వెర్షన్) వచ్చాక 32 శాతం. మొదటి రెండు గేమ్‌ల డబ్బా మీద ఉన్నది మగ షెపర్డే కాబట్టి, ఆ 18 చూసి జనానికి ఆడ హీరో అక్కర్లేదని తేల్చేవాళ్లతో నేను వాదించను.

ఒక్కటి మాత్రం చెయ్యొద్దు. యానిమేషన్ సైట్లలో "ఫిమేల్ వాక్" అని వెతికితే ర్యాంప్ మీద నడిచినట్టు నడుము తిప్పుకుంటూ నడిచేవి వస్తాయి. టిక్కీల మధ్య ప్రాణభయంతో నక్కే మనిషి అలా నడిస్తే భయమంతా పోతుంది.

బెజవాడ బ్లాస్టర్

నేను వేరేగా చెప్తా, తిట్టుకున్నా పర్లేదు. మీ పబ్లిసిటీ ఫ్రెండ్ చెప్పేదాంట్లో పాయింట్ ఉంది. స్టెల్లార్ బ్లేడ్ ఎందుకు అంత హడావుడి చేసింది, ఫైటింగ్ సిస్టమ్ చూసా? అది బాగుంటుంది, ఒప్పుకుంటా, కానీ ట్రైలర్ చూసి ఆగినవాడు అందులో హీరోయిన్ ఈవ్‌ని చూసే ఆగాడు. నియర్ ఆటోమేటాలో హీరోయిన్ 2బీ కూడా అంతే, హీల్స్, గౌను, కళ్లకి గంతలు, ఎందుకలా చేశావని అడిగితే డైరెక్టర్ యోకో టారో నాకు అమ్మాయిలంటే ఇష్టం అని చెప్పేశాడు, సోది లేకుండా. ఆ గేమ్ కథకి ఏడవనివాడు లేడు. మగ హీరోలకి సిక్స్ ప్యాక్ పెడితే ఎవరూ ఏమీ అనరు, అమ్మాయి అందంగా ఉంటే మాత్రం ఇంత పెద్ద థ్రెడ్. స్టోర్‌లో వేల గేమ్‌లు, ఒక్క సెకన్‌లో కంటికి ఆనాలి బ్రో. లిప్‌స్టిక్ తీసెయ్యండి, ఓణీ ఉంచండి, సరిపోతుంది.

సైలెంట్ రీలోడ్

బ్లాస్టర్ గారూ, అందం మీద నాకే గొడవా లేదు. నాకు బాగా ఇష్టమైన క్యారెక్టర్ బయోనెట్టా, అదే పేరున్న గేమ్‌లో హీరోయిన్, అంతకంటే షోకు ఎక్కడుంది చెప్పండి, ఆవిడ బట్టలే ఆవిడ జుట్టు, పెద్ద దెబ్బ కొట్టినప్పుడు ఆ జుట్టు వెళ్లి రాక్షసుడైపోతుంది. గీసింది కూడా ఆడమనిషే, మరి షిమజాకి. కానీ ఆ గేమ్‌లో ఆవిడ కెమెరాతో ఆడుకుంటుంది. పోజు ఎప్పుడివ్వాలో, ఎవడి ముందివ్వాలో ఆవిడ ఇష్టం, అవతలివాడు బిత్తరపోతాడు. మీరు చెప్పిన 2బీ సంగతే చూడండి, కెమెరాని కింది నుంచి పెట్టి చూడబోతే ఆవిడ తోసేస్తుంది, బాగుంది, కానీ పదిసార్లు అలా చేస్తే ట్రోఫీ కూడా ఇస్తారు. వద్దంటూనే బహుమతి. రెసిడెంట్ ఈవిల్ 4లోనూ అదే జోకు, 2005లో, హీరో కాపాడాల్సిన ఆష్లీని కింది నుంచి చూస్తే ఆ అమ్మాయి తిడుతుంది, ఆ తిట్టు వినడం కోసమే చూసేవాళ్లు.

బట్ట మార్చకుండా కెమెరా ఒక్కటి మారిస్తే ఏమవుతుందో చూడాలంటే పైన ఎముకలగూడు గారు చెప్పిన మాస్ ఎఫెక్ట్‌లోనే ఉంది. రెండో గేమ్‌లో షెపర్డ్ టీమ్‌లో ఉండే మిరాండా తన చెల్లెలి గురించి బాధగా చెప్తుంటుంది, కెమెరా ఆవిడ వెనక భాగం మీద ఉంటుంది. చెల్లెలి గురించి! 2021 రీమాస్టర్‌లో అలాంటి షాట్లు కొన్ని మార్చారు. అదే టైట్ సూట్, అదే ముఖం, కానీ ఇప్పుడు ఆవిడ చెప్పేది వినపడుతుంది. మిర్చి పిక్సెల్ గారు ఎక్కడ తెలుస్తుంది అని అడిగారు కదా, నాకు ఇక్కడ తెలుస్తుంది.

రెండో చోటు, ఆ క్యారెక్టర్‌కి ఇచ్చిన పని. పాత ఆష్లీకి ఒక హెల్త్ బార్, "ఆగు", "రా" అని రెండు ఆర్డర్లు, మిగతా టైమంతా ఎవడో ఎత్తుకుపోతుంటే కేకలు. గేమ్ బ్రహ్మాండంగా ఉంటుంది, ఆ అమ్మాయి మీద మాత్రం విసుగొస్తుంది, తప్పు ఆ అమ్మాయిది కాదు, ఆ బార్‌ది. 2023 రీమేక్‌లో హెల్త్ బార్ తీసేశారు, విసుగు సగం తగ్గింది. బయోషాక్ ఇన్ఫినిట్‌లో మనం బుకర్‌గా ఆడతాం, తోడుగా ఉండే ఎలిజబెత్ మొదటిసారి మీతో ఫైట్‌లోకి వచ్చినప్పుడు గేమే చెప్తుంది, ఈమెని మీరు కాపాడక్కర్లేదు, తన సంగతి తను చూసుకుంటుందని. పైగా తూటాలు అయిపోయే టైంకి సరిగ్గా విసురుతుంది. ఒక్క డైలాగ్ మార్చకుండా మన అభిప్రాయం మారిపోతుంది. (ఆ గేమ్ డబ్బా మీద ముందువైపు ఎలిజబెత్ లేదు, తుపాకీ పట్టుకున్న బుకర్ ఒక్కడే ఉన్నాడు, అది వేరే ఏడుపు.)

ఇప్పుడు మీ గేమ్ గురించి, ఎవరూ అడగని ప్రశ్న నేను అడుగుతా. పట్టుబడితే ఏమవుతుంది? రాత్రి, మూసిన గోడౌన్, ఒంటరి అమ్మాయి, చుట్టూ మగాళ్లు. కాపలావాడు చెయ్యి పట్టుకుని లాగి స్క్రీన్ నల్లబడిందంటే, ఆడే అబ్బాయికి అది "మళ్లీ మొదలుపెట్టు", నాకు అది ఇంకేదో. టూమ్ రైడర్‌కి సరిగ్గా ఇదే తగిలింది. 2013 గేమ్‌కి ముందు ఏడాది ట్రైలర్‌లో ఒకడు హీరోయిన్ లారాని పట్టుకునే సీన్ పెట్టారు, నిర్మాత ఇంటర్వ్యూలో దాన్ని అత్యాచారయత్నంగా చెప్పాడు, ఆడేవాళ్లకి ఆమెని కాపాడాలనిపిస్తుందని కూడా అన్నాడు, గొడవై స్టూడియో వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. మేం లారాని కాపాడటానికి కొనలేదు కదా, లారాగా ఉండటానికి కొన్నాం. గేమ్ మొత్తంగా నాకు నచ్చింది, రాసింది రియానా ప్రాచెట్, కానీ ఆమె చచ్చిపోయే సీన్లు ఉన్నాయి చూడండి, నదిలో కొట్టుకుపోతూ మెడలో కొమ్మ దిగబడటం, దాన్ని అంత దగ్గర నుంచి, అంతసేపు ఎందుకు చూపించారో నాకిప్పటికీ అర్థం కాదు.

మీ టీమ్‌లో అమ్మాయిలెవరూ ఉన్నట్టు లేదు, ఆర్టిస్టునీ, పబ్లిసిటీ ఫ్రెండ్‌నీ "వాడు" అనే రాశారు. నేను ఒక బ్యాటిల్ రాయల్‌లో (ఆన్‌లైన్‌లో చివరిదాకా మిగిలినవాళ్లే గెలిచే గేమ్) మైక్ ఆఫ్ చేసుకునే ఆడతాను, నా పేరులో సైలెంట్ అందుకే ఉంది, గొంతు వినపడితే చాలు మ్యాచ్ వదిలేసి ఏ ఊరు, పెళ్లైందా అని మొదలవుతుంది. తమాషా ఏంటంటే అలా అడిగేవాళ్లలో సగం మంది ఆడ స్కిన్ (ఆడ క్యారెక్టర్ వేషం) వేసుకుని ఆడుతుంటారు, డబ్బులు పెట్టి కొనుక్కుని మరీ.

పాత సీడీ

నలభైలు దాటినవాణ్ణి, పాత సరుకే నా దగ్గర ఉంటుంది. మనం "ముస్తఫా గేమ్" అనేవాళ్లం గుర్తుందా, క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్, క్యాప్‌కామ్ 1993లో చేసింది. నలుగురిలో ముస్తఫాకి వేగం, మెస్‌కి బలం, జాక్‌కి అన్నీ సమానం, హ్యానాకి నేర్పు. వీడియో గేమ్ షాపులో హ్యానాని ఎవడూ తీసుకునేవాడు కాదు, ఆలస్యంగా వచ్చినవాడికి మిగిలేది ఆమే. తీసుకున్నవాడిని "ఏరా అమ్మాయివా" అని ఏడిపించేవాళ్లు. మా షాపులో ఒక కుర్రాడు ఎప్పుడూ ఆమెతోనే ఆడి ఒకే కాయిన్‌తో అందరికంటే దూరం వెళ్లేవాడు, వాణ్ణి మాత్రం ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు.

కానీ నేను చెప్పాలనుకున్నది ప్రిన్స్ ఆఫ్ పర్షియా గురించి, ఎందుకంటే ఒకే సిరీస్‌లో రెండు రకాలూ ఏడాది తేడాలో చేసి చూపించారు. 2003 శాండ్స్ ఆఫ్ టైమ్‌లో ఫరా మన మహారాజా కూతురు. విల్లుతో వెనక నుంచి బాణాలు వేస్తుంది, గోడ పగుళ్లలోంచి దూరి అవతల తలుపు తీస్తుంది, ఆ పని ప్రిన్స్ చెయ్యలేడు. నమ్మాలా వద్దా అని ఇద్దరూ దారంతా కీచులాడుకుంటారు. ఆమె చచ్చిపోతే గేమ్ ఓవర్, అయినా ఆష్లీ మీద వచ్చిన విసుగు రాదు, ఎందుకంటే ఆమె లేకపోతే మనం నిజంగానే ఇరుక్కుపోతాం. ఆ గేమ్ ఆశించినంత అమ్ముడుపోలేదని 2004లో వారియర్ వితిన్ చేశారు, హార్డ్ రాక్ మ్యూజిక్, రక్తం, నల్ల కవర్. మొదటి సీన్‌లోనే ఓడ మీద షాదీ అనే ఆవిడ వస్తుంది, కెమెరా ఎక్కడ పెట్టారో ఆడినవాళ్లకి తెలుసు, ముఖం కంటే ముందు అదే పరిచయం. ఒంటి మీద నాలుగు ఇనప ముక్కలు. కత్తి యుద్ధానికి ఆ కవచం ఏం ఆపుతుందో తెలియదు. హాస్టల్లో మేం ఈలలు వేసిన మాట నిజమే, ఈ రోజు షాదీ మాట్లాడిన మాట ఒక్కటీ గుర్తులేదు. ఫరా అన్నవి చాలా గుర్తున్నాయి. మొదట సిరీస్ సృష్టించిన జోర్డాన్ మెక్నర్‌కి కూడా వారియర్ వితిన్ దారి నచ్చలేదు. 2005లో మూడో భాగానికి మళ్లీ ఫరానే తెచ్చుకున్నారు.

అమ్ముడుపోదనే మాటకి వస్తే, కంపెనీల లోపలే ఆ మాట పుట్టి లోపలే తిరుగుతుంది. లాస్ట్ ఆఫ్ అస్ కవర్ మీద అందులో ఉండే అమ్మాయి ఎల్లీని వెనక్కి జరపమని ఒత్తిడి వస్తే ఆ గేమ్ చేసిన నాటీ డాగ్ వాళ్లు ససేమిరా అన్నారు. అసాసిన్స్ క్రీడ్ ఒడిస్సీలో కసాండ్రా ఒక్కతే హీరో అనుకుని మొదలుపెడితే పైవాళ్లు కుదరదన్నారని, పక్కన అలెక్సియోస్‌ని పెట్టించారని 2020లో బ్లూమ్‌బెర్గ్ రాసింది. ఆడి చూడండి, కసాండ్రా గొంతు విన్నాక అలెక్సియోస్‌తో ఆడాలనిపించదు. హొరైజన్ జీరో డాన్ అయితే అబ్బాయి ఆప్షనే లేదు, 2017లో వచ్చింది, 2 కోట్ల కాపీల పైన అమ్ముడుపోయింది. అందులో హీరోయిన్ ఎలాయ్ ముఖం మీద నూగు కనపడుతోందని రెండో భాగం టైంలో కొందరు ఏడ్చారు, ఆ ఏడ్చినవాళ్లు ఆడవాళ్ల ముఖం ఎప్పుడైనా దగ్గర నుంచి చూశారో లేదో.

మనవాళ్లు చేసినదాంట్లో రాజీ అనే గేమ్ చూడండి, పుణె వాళ్లది, 2020. సర్కస్ పిల్ల, తమ్ముడు గోలూని రాక్షసులు ఎత్తుకుపోతే వెతుక్కుంటూ వెళ్తుంది. ఫైటింగ్ కాస్త బరువుగా ఉంటుంది గానీ ఆ అమ్మాయి గెంతులు, పిల్లిమొగ్గలు అన్నీ సర్కస్ నుంచి వచ్చినట్టే ఉంటాయి, అరువు తెచ్చిన కదలికల్లా ఉండవు.

ఫ్రిస్కో బావ

చీర కట్టుకున్న మనిషి బొమ్మ పెడితే క్లిక్ చెయ్యరు అన్నారు కాబట్టి ఒక్క మాట. వెన్బా ఆడారా? టొరంటో వాళ్లు చేశారు, 2023లో వచ్చింది. తమిళ్ ఆవిడ, కెనడాలో కాపురం, కొడుకు ఇంగ్లీషులో జవాబులిస్తుంటాడు, మనం చేసే పనల్లా వంట. ఇడ్లీ పాత్రలో రేకులు ఎలా పేర్చాలో చూసి మా ఆవిడ కంట్రోలర్ లాక్కుంది, ఇంతకుముందు దాన్ని ముట్టుకున్నది లేదు. స్టోర్ బొమ్మ మీద చీరలో ఉన్న ఆవిడే. నేను కొన్నది కూడా ఆ బొమ్మ చూసే, స్టోర్ బొమ్మల్లో ఇంకెవరూ అలా ఉండరు కదా మరి.

మిర్చి పిక్సెల్

అందరికీ థాంక్స్, ఇంత రాస్తారనుకోలేదు. చొక్కా, గోచీ ఖాయం చేశాం, క్లాత్ సిమ్యులేషన్ లెక్క చూపించగానే ప్రోగ్రామరే ముందు ఒప్పుకున్నాడు. పబ్లిసిటీ వాడు ఇంకా అలకలో ఉన్నాడు, ముఖం మాత్రం కంటికి ఆనేలా ఉండాలంటున్నాడు, తువ్వాలు కిందకి కట్టి కళ్లు మాత్రమే కనపడేలా ఒక థంబ్‌నెయిల్ (స్టోర్‌లో కనపడే చిన్న బొమ్మ) ట్రై చేస్తున్నాం, ఘాటుకి ఎర్రబడ్డ కళ్లు.

సైలెంట్ రీలోడ్ గారూ, పట్టుబడే సీన్ గురించి మీరు అడిగింది రాత్రంతా మాట్లాడుకున్నాం. ఇప్పుడు అనుకుంటున్నది, కాపలావాడు దగ్గరికే రాడు, దూరం నుంచి టార్చ్ పడుతుంది, షట్టర్ దిగిపోతుంది, సైరన్ మోగుతుంది, ఫోన్ కిందపడి అందులో ఫొటో పోయినట్టు చూపిస్తాం. ఓడిపోవడం అంటే సాక్ష్యం పోవడం. ఇలా చేస్తే భయం తగ్గిపోతుందా?

సైలెంట్ రీలోడ్

తగ్గదు, ఫొటో కోసమే కదా అంత కష్టపడింది. కాకపోతే ఆ ఫొటోలో ఏముందో ఆడేవాళ్లకి ముందే సరిగ్గా కనపడాలి, లేకపోతే పోతే పోయింది అనుకుంటారు. కాపలావాళ్లు తమలో తాము మాట్లాడుకునే డైలాగులు రాసేటప్పుడు కూడా చూసుకోండి, ఆ అమ్మాయి గురించి వెకిలి మాటలు పెడితే ఈ మార్పంతా వేస్ట్. వాళ్లకి ఉద్యోగం పోతుందన్న భయం పెట్టండి, ఓనర్ తిడతాడన్న భయం.

టెస్ట్ బిల్డ్ ఉంటే పంపండి. నా ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డ్ లేదు, ఆండ్రాయిడ్‌లో నడిచేది అయితే ఈ ఆదివారమే ఆడి చెప్తా, మా చెల్లితో కూడా ఆడిస్తా, దానికి స్టెల్త్ గేమ్‌లంటే అస్సలు ఓపిక లేదు కాబట్టి ఎక్కడ విసుగొస్తుందో అదే చెప్పేస్తుంది.